గ్రాండ్ కాన్యన్‌లో నది దాకా దిగి రావాలంటే బెంగళూరులో ప్రాక్టీస్ ఎలా?

వారాంతాల్లో స్కందగిరి ఎక్కుతున్నాం, అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయలో కొలరాడో నది దాకా వెళ్లి రావడానికి అది సరిపోతుందా అని అడిగారు. ఎక్కడానికి చాలేమో. నన్ను పడుకోబెట్టింది మాత్రం దిగుడు.

కొండ మీద అలిసిపోతే వెనక్కి తిరుగుతాం, ఇంటిదారి ఎలాగూ పల్లమే. అక్కడ అంతా తిరకాసు. ఒంట్లో సత్తువున్నప్పుడు దిగుతాం, డస్సిపోయాక ఎక్కాలి. సౌత్ కైబాబ్ దారిలో నది దాకా దాదాపు 1,450 మీటర్ల లోతు. మన నంది కొండ సముద్రమట్టానికి 1,478 మీటర్లు. అంటే నంది కొండ నుంచి చెన్నై మెరీనా దాకా ఉన్న పల్లాన్ని 11 కిలోమీటర్లలో దిగేస్తారన్నమాట.

2018 మే నెలాఖరులో, ఫీనిక్స్‌లో ఉండే మా బావమరిదితో వెళ్లాను. తెల్లవారకముందే బయల్దేరాం. మొదటి గంట హాయిగా గడిచింది. మూడో గంటకి తొడల్లో వణుకు. ఆగి నిలబడ్డా మోకాళ్లు వాటంతటవే ఆడుతున్నాయి. అడుగడుక్కీ వేళ్లు బూటు ముక్కుకి కొట్టుకుని రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి, తర్వాత ఊడాయి. గోళ్లు తీసుకోకుండా వెళ్లడం నా బుద్ధితక్కువే.

ఆ దారిలో చుక్క నీళ్లు దొరకవు. మోసుకెళ్లినవన్నీ తాగేశాను గానీ ఎండకి ఆకలి చచ్చి ఏమీ తినలేదు. అడుక్కి చేరేసరికి తలనొప్పి, వికారం. చెమటలో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది, అక్కడ వడదెబ్బతో పాటు దీనికీ భయపడాలి. "నీళ్లు పక్కన పెట్టు బావా, ముందు ఇవి నములు" అని మావాడు జంతికలు చేతిలో పెట్టాడు. మా అత్తగారు కొడుక్కని నాతో పంపించినవి! అక్కడి నల్లరాయికి విష్ణు షిస్ట్ అని పేరు, సుమారు 170 కోట్ల ఏళ్ల నాటిది. చుట్టూ ఉన్న శిఖరాల్లో బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్ కూడా ఉన్నాయి. ఆ అవస్థలో ముగ్గురికీ దణ్ణం పెట్టుకున్నాను.

ముందే తీసుకున్న పర్మిట్‌తో రాత్రి అడుగునే టెంట్ వేశాం. మర్నాడు చీకటితోనే బ్రైట్ ఏంజెల్ దారిలో ఎక్కాం. పొడవెక్కువే గానీ మధ్యలో నీళ్ల కుళాయిలున్నాయి. పైపులైను తరచూ పగులుతుంటుంది కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోండి.

రెండోసారి వెళ్లే ముందు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటే నా కొండ. ఎనిమిది కిలోల సంచితో లిఫ్ట్‌లో పన్నెండో అంతస్తుకి వెళ్లి, మెట్ల మీద దిగడం, మళ్లీ లిఫ్ట్. వారానికి మూడు రోజులు. మదనపల్లె వాచ్‌మన్ ఓ వారం చూసి, "కిందికి లిఫ్ట్ రావట్లేదా సార్?" అన్నాడు. ఈసారి తొడలు వణకలేదు, గోళ్లూ మిగిలాయి.

ఏ నెలలో వెళ్తున్నారో రాయలేదు. జూన్ అయితే అడుగున 40 డిగ్రీలు మామూలే, టికెట్లు అక్టోబరుకి మార్చుకోండి.