మూడు గడులూ ఖాళీగా వదిలి నొక్కితే

చి॥ మాధురికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఇద్దరు స్నేహితులతో కలిసి, ఊళ్లో ఏ మందు ఏ షాపులో దొరుకుతుందో వెతికిపెట్టే యాప్ తయారుచేస్తున్నావట. వెతికే భాగమంతా నీదేనట. ఫోన్ పెట్టేశాక మీ పెదనాన్నకి రెండుసార్లు చెప్పాను. పాపం, రెండోసారి కూడా మొదటిసారి విన్నట్టే విన్నారు. తర్వాత నాకు నిద్ర పట్టలేదు. "మందు అయిపోయే వేళకి మెసేజ్ కూడా పంపుతుందట అక్కా" అంది మీ అమ్మ. ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

నీకు తెలిసినవి చెప్పి విసిగించను. జనం టైప్ చేసింది తెచ్చి క్వెరీలో, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో, అతికించకు, పారామీటర్‌గానే, అంటే విడి విలువగానే పంపు. ముందూ వెనకా ఉన్న ఖాళీలు ట్రిమ్ చెయ్యి. ఒక్కటి మాత్రం చూసుకో. తెలుగులో "సాఫ్ట్‌వేర్" అని కొడితే మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి చేరుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పైథాన్‌లో స్ట్రిప్ గానీ జావాస్క్రిప్ట్‌లో ట్రిమ్ గానీ దాన్ని తీసెయ్యవు. అదొక్కటే మిగిలిన గడి మనకి ఖాళీ, ప్రోగ్రాముకి కాదు.

ఇక నా సంగతి. 2001లో నాకు నీ వయసే. విజువల్ బేసిక్‌లో ఒక పరపతి సంఘానికి ప్రోగ్రాం రాస్తున్నాం. బాకీలు వెతికే స్క్రీన్ నాది. మూడు గడులు: ఊరు, కనీస బాకీ, గడువు తేదీ. నింపిన గడి షరతు మాత్రమే వేర్ క్లాజ్‌లో, అంటే క్వెరీలో షరతులుండే చోట, చేరాలి. మొదటి షరతుకి ముందు "అండ్" రాకూడదు కదా, ఆ తలనొప్పి ఎందుకని ఎప్పుడూ నిజమయ్యే షరతు ఒకటి పెట్టి, "వేర్ 1=1" అని మొదలుపెట్టి, నింపిన గడికల్లా ఒక "అండ్" తగిలించాను. ఇప్పటికీ అలా రాసేవాళ్లున్నారు, తప్పేం లేదు. ఆ కోడ్ చూసుకుని ఎంత మురిసిపోయానో! గడి ఖాళీ అంటే అందరూ అని లెక్క. చూసుకోడానికి వాడే స్క్రీన్‌కి అది బాగానే ఉంది.

కొన్నాళ్లకి, అదే జాబితాకి నోటీసులు అచ్చువేసే బటన్ కావాలన్నారు. పక్కనే పెట్టేశాను. అరగంట పని. ఒక శనివారం సాయంత్రం గుమాస్తా మూడు గడులూ నింపకుండానే దాన్ని నొక్కాడు. ప్రింటర్ ఎప్పటిలాగే కదలడం మొదలుపెట్టింది, తలుపేసుకుని ఇంటికి పోయాడు. సోమవారం అటెండరు ఆ కట్టలన్నిటికీ ఎర్ర ముద్ర వేసి పోస్టులో పడేశాడు. సభ్యులందరికీ వెళ్లాయి. బాకీ ఉన్నవాళ్లకీ, లేనివాళ్లకీ.

బుధవారం వేరే పని మీద నేను అక్కడే ఉన్నాను. ఒక పెద్దాయన వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో నాలుగు మడతల నోటీసు. ఆయన బాకీ ముందు ఏడాదే తీరిపోయింది, ఎడ్లజత అమ్మి కట్టాడు. కాగితంలో బాకీ ఉండాల్సిన చోట 0.00 అనే ఉంది. కానీ ఆయనకి చదువు రాదు. ఎర్ర ముద్ర అంటే ఏమిటో మాత్రం తెలుసు. "అమ్మా, ఇంకేం అమ్మాలి?" అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నది నేను కదా, నన్నే అడిగాడు.

మంచినీళ్లిచ్చి సర్దిచెప్పి పంపారు. ఆ తర్వాత గుమాస్తాని నా ఎదుటే తిట్టారు. తప్పు నాదని నేను ఒక్క ముక్క అనలేదు. ఈ సంగతి మీ పెదనాన్నకి కూడా తెలీదు, ఈ ఉత్తరం ఆయన కంట పడనివ్వకు.

అందుకే చెబుతున్నా, నవ్వకు. ఒక్కో గడీ ఖాళీగా వస్తే దాని అర్థం ఏమిటో ముందు కాగితం మీద రాసుకో. మందు పేరు లేకపోతే డేటాబేస్‌దాకా పోనివ్వకు, "పేరు రాయండి" అని అడుగు. ధర లేకపోతే ఆ షరతు వదిలెయ్యి. కానీ పైథాన్‌లో ఊరికే "ఇఫ్ ధర" అని రాశావో, సున్నా కూడా ఖాళీ కిందికే పోతుంది. ఉచితంగా దొరికే మందు కోసం 0 కొట్టిన మనిషికి ఖరీదైనవన్నీ చూపిస్తావు. నన్ (None, విలువేమీ లేదనే పైథాన్ గుర్తు) అవునా కాదా అనే అడుగు.

షాపుల జాబితా ఖాళీ అయితే, ఈ జాబితాలో ఉన్నవే కావాలనే "ఇన్" తర్వాత బ్రాకెట్లు ఉత్తవే మిగులుతాయి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లు తప్పని అరుస్తాయి. ఎస్‌క్యూలైట్ కిమ్మనకుండా ఏమీ లేవంటుంది. అరిచేదే నయమే తల్లీ. "నాట్ ఇన్" జాబితాలో ఒక్క నల్, అంటే విలువ లేని గడి, దూరిందా, ఒక్క వరసా రాదు. నాకు పడని మందులు తీసేసి చూపించు అన్న రోగికి ఊళ్లో మందే లేదని చెబుతుంది నీ యాప్. ఈ అక్షరాలున్న పేర్లు వెతకమనే "లైక్"ని, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య ఏమీ లేకుండా పెడితే అన్నీ వస్తాయనుకుంటావు, నల్ ఉన్న వరసలు రావు. ఒరాకిల్ అయితే ఖాళీ స్ట్రింగునే నల్ అనేస్తుంది, దానితో నేను పడ్డ తిప్పలు ఇంకోసారి చెబుతాను.

మెసేజ్‌లు పంపే క్వెరీని వెతికే క్వెరీతో కలపకు. వేరే ఫంక్షన్ రాయి. ఒక్క షరతూ లేకుండా పిలిస్తే అది ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలి. ఎంతమందికి వెళుతున్నాయో అంకె చూపించి, అవునంటేనే కదలాలి. మీ స్నేహితులు చాదస్తం అంటారు. అననీ.

రాత్రి రెండింటిదాకా మేలుకుంటున్నావట, అన్నం కూడా కంప్యూటర్ ముందేనట. ఇదేం పద్ధతే? కళ్లు పోతాయి. నేను ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నా, నీకిష్టమని గోంగూర పచ్చడి నూరి తెస్తాను. వచ్చేసరికి ఆ స్క్రీన్ తెరిచి ఉంచు. అన్ని గడులూ ఖాళీగా వదిలి నేనే నొక్కుతాను.

మీ పెద్దమ్మ