మిద్దె మీద పన్నెండు సంచులు

చి. తమ్ముడికి ఆశీస్సులు.

రిటైరయ్యాక చెన్నై అంబత్తూరు ఇంటి మిద్దె మీద తోట వేస్తానని రాశావు. తప్పకుండా వెయ్యి. మొదటి ఏడు మాత్రం పన్నెండు సంచులు దాటనివ్వకు. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గ్రోబ్యాగును ముప్పాతిక నింపి తడిపితే ఇరవై కిలోలు తూగుతుంది. రోజుకి ఒక్కోదానికి రెండు లీటర్లు పట్టినా పాతిక లీటర్లు మొయ్యాలి. మే నెలలో రెండు పూటలా. ముప్పై సంచులతో మొదలుపెడితే ఆరు నెలలకే నడుము పట్టేస్తుంది, తోట ఎండిపోతుంది.

సిమెంటు దిమ్మెల మీద పలకలు వేసి, గోడల వెంబడి మోకాలి ఎత్తున సంచులు పెట్టు. వంగే పని తగ్గుతుంది, శ్లాబుకి చెమ్మ పట్టదు. ఉన్నచోటే మట్టి నింపు, నిండిన సంచిని ఎత్తకు. నీళ్లకి పెద్ద బకెట్ వద్దు, చేతికొకటి చొప్పున అయిదు లీటర్ల డబ్బాలు రెండు చాలు.

మట్టి పాళ్లు: ఎర్రమట్టి రెండు, కొబ్బరిపొట్టు రెండు, మాగిన పశువుల ఎరువు ఒకటి, సంచికి గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టు ఇటుకలో ఉప్పుంటుంది. రాత్రంతా నానబెట్టి, రెండు మూడు నీళ్లు మార్చి పిండాకే కలుపు. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆకుల కొసలు మాడతాయి, సంచి అంచున తెల్లటి పొర కడుతుంది. అలా కనిపిస్తే పదిహేను రోజులకోసారి వాననీళ్లో మంచినీళ్లో అడుగు నుంచి ధారగా కారేదాకా పొయ్యి. ఉప్పు కడుక్కుపోతుంది.

కరివేపాకుకి ఒక సంచి, గోంగూరకి రెండు, మిరపకి రెండు, వంగకి రెండు, బచ్చలికి ఒకటి. మిగతా నాలుగింటిలో ఆకుకూరలు, పదిహేను రోజులకి రెండేసి చొప్పున చల్లు. తోటకూర నెల లోపే కోతకొస్తుంది. బెండ ఇప్పుడే వద్దు. రోజు విడిచి రోజు కొయ్యకపోతే కాయ ముదిరిపోతుంది, ఊరెళ్లేవాళ్లకి కుదరదు.

'ఆడి పట్టం తేడి విదై' (ఆడి మాసం అదను చూసి విత్తు) అనే తమిళ సామెత మీ వీధిలో వినే ఉంటావు. జులై, ఆగస్టుల్లో విత్తితే అక్టోబరు వానలకి మొక్కలు నిలదొక్కుకుంటాయి. కొత్తిమీర డిసెంబరు, జనవరి పంట; వేసవిలో వేస్తే ఆకు పట్టకముందే పూతకొస్తుంది. వానల్లో సంచి అడుగు రంధ్రాలు మూసుకుపోతే వేళ్లకి గాలాడక కుళ్లుతాయి. అప్పుడూ ఆకులు వాడినట్టే వేలాడతాయి. దాహమనుకుని ఇంకా నీళ్లు పోశామా, మొక్క చచ్చినట్టే. వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూడు, చెమ్మ తగిలితే ఆ రోజు నీళ్లొద్దు.

మిరపాకు ముడతని దగ్గరగా పట్టుకుని చూడు. అంచులు పైకి లేచి పడవలా ఉంటే తామర పురుగు; కిందికి వంగి, తిరగేసిన గిన్నెలా ఉంటే నల్లి. తామర పురుగుకి లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె. నూనెని ముందు కొంచెం ద్రవ సబ్బుతో కలిపితేనే నీళ్లలో కలుస్తుంది. సాయంత్రం ఆకు అడుగున కొట్టు, వారానికి మళ్లీ కొట్టు. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. నల్లికి లీటరుకి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, అది కూడా చల్లబడ్డాకే. వంగ కొమ్మ సందుల్లో తెల్లటి పిండినల్లి కనిపిస్తే సబ్బునీళ్లలో ముంచిన పాత బ్రష్షుతో రుద్దెయ్యి. చీమల బారు ఉంటే ముందు దాన్ని ఆపు. పిండినల్లిని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోసేది ఆ చీమలే.

సంచుల కింద పళ్లేలు పెడితే వారానికోసారైనా వంపి తుడువు, డెంగీ దోమ ఆ కాసిని నీళ్లలోనే పెడుతుంది గుడ్లు.

సంచులు కొనేముందు ఒక పని చెయ్యి. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకి మిద్దె మీద నీడ ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీసి నాకు రాయి. ఎండ తగ్గించే వల, అదే షేడ్‌నెట్, ఎటువైపు కట్టాలో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య