25 కీల మిడి కీబోర్డు చాలా? ముందు ఎడమచేతి సంగతి చూడండి

ప్రశ్న: హార్మోనియం కొద్దిగా వచ్చు. లాప్‌టాప్‌లో పాటలు రికార్డు చేసి కూర్చే ఎఫ్‌ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్ ఉంది. పాటలకు ట్యూన్లు కట్టుకోవాలి, వెనక ఫ్లూట్, స్ట్రింగ్స్, కాస్త రిథమ్ వేసుకోవాలి. టేబుల్ చిన్నది. మిడి కీబోర్డు 25 కీలది చాలా, 37 కావాలా, 49 తీసుకోవాలా?

జవాబు:

మిడి కీబోర్డు తనంతట మోగదు, ఏ కీ ఎలా నొక్కారో కంప్యూటర్‌కి చెబుతుంది, శబ్దం అక్కడి సాఫ్ట్‌వేర్‌ది. దాన్ని కొనేటప్పుడు అందరూ కీల లెక్క దగ్గరే ఆగిపోతారు. మీ పనికి అంతకంటే ముందు చూడాల్సింది ఆ కీలకు ఎడమపక్కన ఏముంది అన్నది. హార్మోనియం వాయించేవాళ్లకు కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి తిత్తి మీద ఉంటుంది కదా. మిడి కీబోర్డులోనూ పని అలాగే పంచుకోవాలి. కుడిచెయ్యి స్వరం పలికిస్తుంది, దానికి ఊపిరి పోసేది ఎడమచెయ్యి. ఆ చేతికి పిచ్ బెండ్ (స్వరాన్ని జార్చేది), మాడ్యులేషన్ (శబ్దం తీరును మార్చేది) సరిగ్గా అందకపోతే ఎంత ఖరీదైన ఫ్లూట్ లైబ్రరీ (రికార్డు చేసిన ఫ్లూట్ శబ్దాల సాఫ్ట్‌వేర్) పెట్టినా హార్మోనియంలాగే వినిపిస్తుంది.

అయినా కీల సంగతి అడిగారు కాబట్టి అదీ తేల్చేద్దాం. 25 కీల కీబోర్డు సీ నుంచి సీ దాకా, అంటే రెండు స్థాయిలు (ఆక్టేవ్‌లు). సా ని సీ మీద పెట్టుకుంటే కింద మంద్రం అసలు ఉండదు, ట్యూన్ కింది పా తాకిన ప్రతిసారీ కీబోర్డును ఒక స్థాయి జరిపే ఆక్టేవ్ బటన్ నొక్కాలి. చాలామంది 25 చాలదని అనేది ఇందుకే. సా ని ఎఫ్ మీద పెట్టుకుని చూడండి. మొట్టమొదటి కీ మంద్ర పంచమం అవుతుంది, చిట్టచివరి కీ తార పంచమం అవుతుంది. మామూలు పాట ఆ హద్దులు దాటడం తక్కువ. ఎఫ్ అంటే నాలుగు శ్రుతి. పాట ఐదున్నరలో కావాలంటే ట్రాన్స్‌పోజ్ (అన్ని కీలనూ ఒక్కో సెమీటోన్, అంటే ఒక్కో స్వరస్థానం చొప్పున జరిపే సెట్టింగ్) +3, ఆరులో కావాలంటే +4, ఒకటిలో కావాలంటే -5, ఒకటిన్నరకి -4. వేళ్లు మాత్రం ఎప్పుడూ ఎఫ్ నుంచే నడుస్తాయి. మోహనం అక్కడి నుంచి పూర్తిగా తెల్లమెట్లే, శంకరాభరణంలో మధ్యమం ఒక్కటే నల్లది. హిందోళం మాత్రం ఒక్క సా తప్ప అన్నీ నల్లవే, అది కాస్త సాధన అడుగుతుంది.

ట్రాన్స్‌పోజ్ కీబోర్డులోనే చేస్తే మారిన స్వరాలే పియానో రోల్‌లో (రికార్డయిన స్వరాలు గీతలుగా కనిపించే తెరలో) పడతాయి, తర్వాత ఏ వాయిద్యం చేర్చినా అదే శ్రుతిలో కలుస్తుంది. ఎఫ్‌ఎల్ స్టూడియోలో ఛానెల్ (ఒక్కో వాయిద్యానికి ఉండే వరుస) రూట్ నోట్ (ఆ వాయిద్యం శ్రుతికి ఆధారమైన స్వరం) జరిపి చేస్తే రికార్డయ్యేది ఎఫ్‌లోనే ఉంటుంది, ప్రతి ఛానెల్‌కీ విడిగా జరపాలి, ఒకటి మర్చిపోతే అపశ్రుతి ఎక్కడుందో వెతుక్కోవాలి. అందుకని కొనేముందు ఆ మోడల్‌లో ఆక్టేవ్‌తో పాటు సెమీటోన్ ట్రాన్స్‌పోజ్ కూడా ఉందో లేదో చూసుకోండి.

32 కీలవి సాధారణంగా సీ నుంచి పై జీ దాకా ఉంటాయి. అక్కడ సా ని రెండో సీ మీద పెట్టుకుంటే మంద్ర సా నుంచి తార పా దాకా దొరుకుతుంది, ట్రాన్స్‌పోజ్ తలనొప్పి తక్కువ. 37 అంటే నిండా మూడు స్థాయిలు. ఒంటిచేత్తో ట్యూన్ కట్టేవాళ్లకు అంతకుమించి అక్కర్లేదు. ఎడమచేత్తో కార్డ్స్, కుడిచేత్తో ట్యూన్ ఒకేసారి వాయించాలనుకుంటే మాత్రం 37 కూడా ఇరుకే. 49కి వెళ్లండి, అదీ పూర్తి సైజు కీలతో.

సైజు సంగతి: పూర్తి సైజు కీల మీద ఒక ఆక్టేవ్ వెడల్పు సుమారు 16.5 సెం.మీ., మినీ కీల మీద దాదాపు 14. ఒక్కో స్వరం వాయించేటప్పుడు ఈ తేడాకి వారంలో అలవాటు పడతారు. ఇబ్బంది రెండుచోట్ల వస్తుంది. నల్లమెట్ల మధ్య సందులో తెల్లకీ నొక్కాల్సి వస్తే వేలు ఇరుక్కుని పక్క కీ కూడా మోగుతుంది. తెల్లకీని లోపలి చివర, ఇరుసుకు దగ్గరగా నొక్కితే బరువుగా ఉంటుంది, శబ్దం చిన్నగా వస్తుంది. ఇక టేబుల్ కొలత. 49 పూర్తి సైజు కీలంటే 29 తెల్లకీలు, అవే 68 సెం.మీ. ఎడమపక్క చక్రాలతో (వీల్స్‌తో) కలిపి 80 సెం.మీ. దాకా పోతుంది. 15 అంగుళాల లాప్‌టాప్ పక్కన పెట్టే చోటు ఉండదు, వెనక స్టాండు మీదికి ఎక్కించాలి. ఆకాయ్ ఎంపీకే మినీ మూడో తరం లాంటిదైతే 32 సెం.మీ. వెడల్పు, 18 సెం.మీ. లోతు, లాప్‌టాప్ ముందే పడుతుంది.

ఇప్పుడు ఎడమపక్కకు వద్దాం. చిన్న కీబోర్డుల్లో పిచ్ బెండ్, మాడ్యులేషన్ నాలుగు రకాలుగా వస్తాయి: వీల్స్, టచ్ స్ట్రిప్‌లు, జాయ్‌స్టిక్, ఉత్త బటన్లు. బటన్లవి మీకు వద్దు. నొక్కితే జారుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది, ఎంత జారాలో మీ చేతిలో ఉండదు.

జాయ్‌స్టిక్‌తో వచ్చే చిక్కు కొన్నాక గానీ తెలియదు. ఎంపీకే మినీ మూడో తరంలో పక్కలకు తోస్తే పిచ్, పైకి తోస్తే మాడ్యులేషన్. వదలగానే స్ప్రింగ్ దాన్ని మధ్యకు లాగేస్తుంది. పిచ్‌కి అది కావలసిందే. మాడ్యులేషన్‌కే అది చేటు. చాలా స్ట్రింగ్స్ లైబ్రరీల్లో శబ్దం మెత్తగా ఉండాలా, నిండుగా ఉండాలా అన్నది సీసీ 1 అనే మిడి సంకేతం, అంటే మాడ్యులేషనే చెబుతుంది. కర్ర వదలగానే అది సున్నాకి పడిపోయి వయొలిన్లు గొంతు నొక్కినట్టు ఆగిపోతాయి. దీనికి విరుగుడు ఉంది. ఆకాయ్ ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక నాబ్‌కి (తిప్పే మీటకి) సీసీ 1, పక్కదానికి సీసీ 11 (శబ్దాన్ని పెంచి తగ్గించే సంకేతం) కేటాయించి ఆ ప్రోగ్రామ్‌ను కీబోర్డులో సేవ్ చేసుకోండి. తిప్పిన చోట నిలుస్తుంది. అయితే కుడిచెయ్యి స్వరం మీద ఉండగా ఎడమచెయ్యి కుడివైపున్న నాబ్ దాకా చాచాలి, అది ఇబ్బందే.

ఆర్టూరియా మినీల్యాబ్ 3, నొవేషన్ లాంచ్‌కీ మినీ మూడో తరం రెండింటిలోనూ ఎడమపక్క టచ్ స్ట్రిప్‌లు ఉంటాయి. వేలు తీస్తే పిచ్ స్ట్రిప్ మధ్యకు వస్తుంది, మాడ్ స్ట్రిప్ విలువ ఉన్నచోటే ఉంటుంది. మినీల్యాబ్ 3లో అదనంగా నాలుగు ఫేడర్లు (పైకీ కిందికీ జరిపే మీటలు) ఉన్నాయి. ఒకటి సీసీ 1కి, ఒకటి సీసీ 11కి పెట్టుకుని రెండు వేళ్లతో నడిపితే అచ్చం తిత్తి పట్టుకున్నట్టే. ఎఫ్‌ఎల్ స్టూడియోతో కూడా అది నేరుగా కలిసిపోతుంది. మీ ప్రశ్నలో ఫ్లూట్, స్ట్రింగ్స్ ముందున్నాయి కాబట్టి నా ఓటు దీనికి. రిథమే ప్రధానమై ఉంటే 16 ప్యాడ్‌లున్న (వేళ్లతో కొట్టి డ్రమ్స్ మోగించే గళ్లున్న) లాంచ్‌కీ మినీ అనేవాణ్ని. రెండు చేతులతో వాయించాలనుకుంటే ప్యాడ్‌లు, నాబ్‌లు మర్చిపోయి ఎం-ఆడియో కీస్టేషన్ 49 లాంటి సాదాది తీసుకోవాలి. అందులో అసలైన వీల్స్ ఉంటాయి, గమకాలకు స్ట్రిప్ కంటే వీల్ ఎప్పుడూ హాయి.

గమకం అన్నాం కాబట్టి ఒక లెక్క. పిచ్ బెండ్ ఎంత దూరం జారాలో నిర్ణయించేది కీబోర్డు కాదు, అది పలికించే వాయిద్యం ప్లగిన్ (కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ వాయిద్యం). మామూలుగా ±2 సెమీటోన్లకు పెట్టి ఉంటుంది. సా నుంచి పా కి జారు వేయాలంటే 7 సెమీటోన్లు కావాలి, అందుకని చాలామంది ±12 పెట్టేస్తారు. స్ట్రిప్ మీద మధ్య నుంచి అంచుకి 24 మి.మీ. ఉందనుకుంటే ±2లో ఒక్కో స్వరస్థానానికి 12 మి.మీ. దొరుకుతుంది, ±12లో 2 మి.మీ. మాత్రమే. 2 మి.మీ.లో కంపితం వేస్తే శ్రుతి నిలవదు. అందువల్ల ఒకే వాయిద్యాన్ని రెండు ఛానెళ్లలో పెట్టుకోండి: మామూలు వాయింపుకి ±2, పెద్ద జారులకి ±7. ±7లో స్ట్రిప్ చివరికంటా తోస్తే సరిగ్గా పా దగ్గర ఆగుతుంది, కొలుచుకునే పనిలేదు. ప్లగిన్‌లో మోనో లెగాటో, పోర్టమెంటో ఉంటే అవి ఇంకా నయం. రెండో కీ నొక్కగానే స్వరం తనంతట తానే జారి వెళ్తుంది.

వెలాసిటీ దగ్గర హార్మోనియం అలవాటు అడ్డొస్తుంది. హార్మోనియం మెట్టుని మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా శబ్దం ఒకటే, బలమంతా తిత్తిది. మిడి కీబోర్డు మాత్రం కీ ఎంత వేగంగా దిగిందో 1 నుంచి 127 వరకు కొలుస్తుంది. మెట్లమీద తేలికగా పాకే వేళ్లకు 30, 40 మాత్రమే వస్తాయి, పియానో శబ్దం దుప్పటి కప్పినట్టు ఉంటుంది. సెట్టింగ్స్‌లో వెలాసిటీ కర్వ్‌ను తేలిక స్పర్శకు తగ్గట్టు మార్చుకోండి. ఆర్గాన్‌కి, వెనక మెత్తగా సాగే ప్యాడ్ శబ్దాలకు అయితే ఫిక్స్‌డ్ (ఎలా నొక్కినా ఒకే విలువ) పెట్టేసినా నష్టంలేదు.

కీబోర్డు ఇంటికి రాగానే, వాపసు గడువులోపే ఈ పరీక్ష చేయండి. రికార్డింగ్ ఆన్ చేసి మొదటి కీ నుంచి చివరిదాకా ఒకే బలంతో ఒక్కోటి నొక్కండి, తర్వాత ఒకే కీని మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ 20 సార్లు కొట్టండి. పియానో రోల్ కింద వెలాసిటీ గీతలు చూడండి. మొదటి వరుస దాదాపు సమంగా, రెండోది మెట్లెక్కినట్టు ఉండాలి. ఒక కీ ఎప్పుడూ 127 ఇస్తున్నా, ఒక్క నొక్కుకి రెండు నోట్లు పడుతున్నా దాన్ని ఉంచుకోవద్దు. ప్రతి కీ కింద రెండు కాంటాక్టులుంటాయి, మొదటిది తాకాక రెండోది తాకడానికి పట్టిన సమయమే వెలాసిటీ. వాటిలో ఒకటి సరిగా తాకకపోతే లెక్క తప్పుతుంది. కొత్తదాన్లో ఇది తయారీ లోపం. రెండేళ్ల తర్వాత వస్తే ఎక్కువసార్లు దుమ్ము. వారంటీ అయిపోయి ఉంటే విప్పి, రబ్బరు పట్టీ ఎత్తి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిస్తే చాలావరకు బాగవుతుంది. సముద్రం గాలి తగిలే ఊళ్లలో వాడనప్పుడు పైన గుడ్డ కప్పడం మానొద్దు.

మోగించగానే శబ్దం ఆలస్యంగా వస్తే కీబోర్డుని తిట్టకండి. ఆ ఆలస్యం ఎక్కువగా ఆడియో బఫర్‌ది, అంటే మోగించేముందు కంప్యూటర్ కాస్త శబ్దాన్ని పోగుచేసుకోవడానికి పట్టే సమయానిది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిల్స్ అంటే 5.8 మిల్లీసెకన్లు, 1024 అంటే 23. ఎఫ్‌ఎల్ స్టూడియో ఆడియో సెట్టింగ్స్‌లో డ్రైవర్‌ను (శబ్దాన్ని బయటికి పంపే సాఫ్ట్‌వేర్‌ను) ఎఫ్‌ఎల్ స్టూడియో ఆసియోకి మార్చి 256తో మొదలుపెట్టండి, టపటపమని చిటపటలొస్తే 512కి పెంచండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో మాత్రం ఏ సెట్టింగూ పనిచేయదు, దానిలోనే వంద మిల్లీసెకన్లు దాటే ఆలస్యం ఉంటుంది. వైరు హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

లైట్లు వెలిగినా కంప్యూటర్‌కి కనబడకపోతే మొదటి అనుమానం కేబుల్ మీదే. ఫోన్ ఛార్జర్‌తో వచ్చిన కొన్ని కేబుళ్లలో డేటా తీగలుండవు, కరెంటు మాత్రం వెళ్తుంది. తర్వాత ఎఫ్‌ఎల్ స్టూడియో మిడి సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ వరుసలో కీబోర్డు పేరు ఎంచుకుని ఎనేబుల్ నొక్కారా చూడండి. విండోస్‌లో చాలాచోట్ల మిడి పోర్టుని ఒకసారికి ఒక్క ప్రోగ్రామే పట్టుకోగలదు. కంపెనీ ఎడిటర్ తెరిచి ఉంచి ఎఫ్‌ఎల్ తెరిస్తే కీబోర్డు మూగదైపోతుంది.

సస్టైన్ పెడల్ (తొక్కినంతసేపూ స్వరాన్ని సాగదీసేది) గుచ్చే చోటు కీబోర్డులో ఉండాలి, స్ట్రింగ్స్‌కి కాకపోయినా పియానోకి తప్పదు. పెడల్ తొక్కితే ఆగి, వదిలితే సాగుతుంటే అది పాడైనట్టు కాదు, తిరగబడిన పోలారిటీ, అంటే ఆన్, ఆఫ్ తారుమారయ్యాయన్నమాట. చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడే పెడల్ రకాన్ని పసిగడతాయి. పెడల్ గుచ్చి, కాలు తీసేసి, యూఎస్‌బీ కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టండి.

ప్యాడ్‌ల గురించి ఒక్క చిక్కే చెప్తాను. డ్రమ్ కిట్‌లో కిక్ (పెద్ద డ్రమ్) మిడి లెక్కలో 36వ నోటు, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42. పాటలు కూర్చే సాఫ్ట్‌వేర్లలో ఆ 36నే ఏబుల్టన్ సీ1 అంటుంది, రీపర్ సీ2 అంటుంది, ఎఫ్‌ఎల్ స్టూడియో సీ3 అంటుంది. ఎవరి వీడియోలోనో చూసి పేరును బట్టి ప్యాడ్ మ్యాప్ చేస్తే ఒక ఆక్టేవో రెండో పక్కకు పోయి, కిక్ ఉండాల్సిన చోట ఏమీ మోగదు. నంబరు చూసి పెట్టుకోండి.

పాతది కొంటే ధర మాట్లాడేముందు ఒకటి అడగండి: పెట్టెతో వచ్చిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులు వాడేశారా అని. అవి మొదటి యజమాని ఖాతాలో నమోదై ఉంటే మీకు దక్కేది ఉత్త కీబోర్డే, దానికి తగ్గ ధరే ఇవ్వండి.