కోడలి విషయంలో నీకో మాట

ఒరేయ్ నాన్నా,

నీ భార్య ఒక్కోసారి వేరే మనిషిలా మారిపోతోందని చెప్పి, నిన్న ఫోన్‌లో "అత్తా, ఇది నాటకమా, గాలి సోకిందా?" అని అడిగావు. రెండూ కాదురా. మీ చిన్నత్తకూ ఇదే ఉండేది. మన ఇంట్లో ఎవరం బయటికి చెప్పలేదు, అది మా తప్పు.

డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అని డాక్టరు చెప్పాడుగా. 1994 దాకా మల్టిపుల్ పర్సనాలిటీ అనేవాళ్లు. ఒక మనిషిలోకి నలుగురు దూరడం కాదిది. తప్పించుకునే దారి లేక మళ్లీ మళ్లీ హింస పడ్డ పసిమనసు, భరించలేనిదాన్ని పక్కకి నెట్టి ముక్కలుగానే పెరుగుతుంది. చాలామంది కథ అదే.

ఒకరోజు చిన్నత్త తన చేతికున్న నీలం గాజులు చూసుకుని, "ఇవి ఎవరు వేశారక్కా?" అంది. పొయ్యి మీద పాలు మాడిపోయి ఉన్నాయి. "నువ్వే కొన్నావు, అబద్ధాలాడకు" అని కసిరాను. ఆ మధ్యాహ్నం దానికి నిజంగానే గుర్తు లేదు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

అందుకే అమ్మాయికి పరీక్షలు పెట్టకు. వంటింట్లో ఒక నోట్‌బుక్ ఉంచు, ఆ ముక్కల్లో ఏది ముందుకొచ్చినా అందులో రాయమను. చిన్నపిల్లలా మూలకి ముడుచుకుంటే, అడగకుండా తాకకు. చల్లటి నీళ్ల గ్లాసు అందించి, "ఇవాళ మంగళవారం, మన ఇంట్లోనే ఉన్నాం, ఇక్కడ నిన్ను ఎవరూ కొట్టరు" అని నెమ్మదిగా చెప్పు. కోపంగా అరిచే ముక్కని మాత్రం శత్రువులా చూడకు. చిన్నప్పుడు తనని కాపాడింది అదే కావచ్చు.

భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లొద్దు. చిన్నత్తని మేం తీసుకెళ్లాం. వేపమండలతో కొట్టించాక అది ఆరు నెలలు మాట్లాడలేదు.

దీనికంటూ మందుబిళ్ల లేదు. నిద్రకీ, దిగులుకీ ఇస్తారు. అసలు వైద్యం థెరపీ, ఏళ్లు పడుతుంది. ముందు మనిషి నిలదొక్కుకోవాలి, ఆ తర్వాతే పాత గాయాలు. నువ్వు తవ్వి అడగకు. అన్ని ముక్కలూ ఒకటైపోవాలనీ లేదు, వాటిలో అవి సర్దుకున్నా బతుకు సాగుతుంది. చచ్చిపోతానంటే మాత్రం ఒంటరిగా వదలకు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. నీకు టెన్షన్‌గా ఉన్నా, దిక్కు తోచకపోయినా టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు.

అమ్మాయి సరేనంటే వచ్చే నెల వస్తాను. పూతరేకులు తెస్తాను. తలుపు ఎవరు తీసినా నాకు సంతోషమేనని చెప్పు.

మీ పెద్దత్త