మా ఏరియాలో మెంటల్ హెల్త్ సపోర్ట్ గ్రూప్ పెడదామనుకుంటున్నా, అసలు ఎవరైనా వస్తారా?

వస్తారండి, కాకపోతే "మానసిక ఆరోగ్య అవగాహన సదస్సు" అని బ్యానర్ కడితే మాత్రం రారు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని ఆ ఛాయలకే రారు. నాకు డిప్రెషన్ తగ్గాక ఇంకో ఇద్దరితో కలిసి మా కాలనీలో ఇలాంటిదే మొదలుపెట్టాం, "నిద్ర సరిగా పట్టట్లేదా? రండి మాట్లాడుకుందాం" అని కాగితం అంటించాం అంతే. నిద్ర గురించి చెప్పుకోడానికి ఎవరికీ మొహమాటం ఉండదు కదా. ఒకావిడ వచ్చి బండి తాళాలు తిప్పుకుంటూ ఒక్క మాట కూడా మాట్లాడకుండా కూర్చుంది, వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ "మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, పొద్దున పళ్లు తోముకోవాలన్నా ఓపిక ఉండట్లేదు" అంది. మీటింగ్ అంతటికీ పనికొచ్చిన మాట అదే, తర్వాత వారం డాక్టర్ దగ్గరికి మాలో ఒకరు తోడెళ్లారు.

నడిపేవాళ్లు డాక్టర్లే అయ్యుండక్కర్లేదు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్ 2006లో అమ్మమ్మల వయసున్న ఆడవాళ్లకి ట్రైనింగ్ ఇచ్చి క్లినిక్ బయట బెంచీల మీద కూర్చోబెట్టాడు, వచ్చినవాళ్ల గోడు విని, ఉన్న సమస్యల్లో ఒకటి పట్టుకుని దానికి దారి వెతకడమే వాళ్ల పని, 2016లో వచ్చిన స్టడీలో 6 నెలల తర్వాత చూస్తే వాళ్ల దగ్గరికెళ్లినవాళ్లకి మామూలు వైద్యం అందినవాళ్ల కంటే డిప్రెషన్ లక్షణాలు బాగా తగ్గాయి. కానీ ట్రైనింగ్ ఇచ్చారు అన్నది మర్చిపోకండి, ఊరికే సలహాలివ్వడానికి చుట్టాలు చాలు.

గ్రూప్ నిజంగా ఆదుకునేది మందులు మొదలెట్టినప్పుడు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, వికారం లాంటివి మాత్రం ముందే మొదలవుతాయి, దాంతో చాలామంది "పడట్లేదు" అని మానేస్తారు. అప్పుడు వాడి చూసిన మనిషి "నాకూ అంతే అయింది, ఆపే ముందు డాక్టర్‌కి ఒక ఫోన్ చెయ్" అంటే వింటారు.

ఎవరైనా బతకాలని లేదు అన్నట్టు మాట్లాడితే మాట మార్చకండి, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది ఉత్త అపోహ. అవునంటే ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి, అది గ్రూప్‌తో తేలే పని కాదు.

వాట్సాప్ గ్రూప్ వద్దనే చెప్తా, ఒకరి నంబర్ ఇంకొకరికి తెలిసిపోతుంది, పైగా గుడ్ మార్నింగ్‌లు, పాజిటివ్‌గా ఆలోచించండి అనే ఫార్వర్డ్‌లు (డిప్రెషన్‌లో ఉన్నప్పుడు వాటంత చిరాకు ఇంకోటి లేదు). అన్నిటికంటే ముందు దగ్గర్లో సైకియాట్రీ ఓపీ ఏయే రోజులు ఉంటుందో, చీటీ ఎక్కడ తీసుకోవాలో మీరే వెళ్లి కనుక్కోండి, మొదటి మీటింగ్‌లోనే ఎవరో ఒకరు అడుగుతారు.