జోర్డాన్‌లో సరఫరా నీళ్లలో సగం ఎటు పోతున్నాయి? పైపులు మారిస్తే ఆగుతాయా?

అసలే నీళ్లు లేని దేశం, పంపిన నీళ్లలో సగానికి బిల్లే రావట్లేదంటారు, పాత పైపులు పీకేసి కొత్తవి వేస్తే పోలేదా అని అడిగారు. అమ్మాన్‌లో ఇదే పని మీద ఉద్యోగానికి వెళ్తున్నానని కూడా రాశారు కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. నేను కొన్నేళ్లు అమ్మాన్ పక్కనున్న జర్కా ఊళ్లో, ఆ తర్వాత రాజధాని అమ్మాన్‌లో ఓ కాంట్రాక్టరు కింద ఆ పైపులు మార్చే పనే చేశాను. ఒక్క పైపులు మారిస్తే ఆగదు. కొన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది, తర్వాత మెల్లగా మళ్లీ మొదటికొస్తుంది.

ముందు ఆ 'సగం' సంగతి. అదంతా నేలలోకి ఇంకిపోతున్న నీరు కాదు. అందులో కొంత లీకేజీ. మిగతాది ఎవరో వాడుకున్నదే, కాకపోతే మీటరు ఎక్కదు, లేదా మీటరే ఉండదు. ఈ రెండూ వేర్వేరు రోగాలు, మందులూ వేరు. రెంటినీ కలిపి ఒకే శాతంగా చెప్పడం వల్లే ప్రతిదానికీ 'కొత్త పైపు' అనే జవాబు వస్తుంది.

అక్కడ మనిషికి ఏడాదికి దొరికే నీరు 100 ఘనపు మీటర్లు కూడా లేదు. 500 కంటే తగ్గితేనే తీవ్ర కొరత అంటారు. అందుకే వంతులవారీగా వదులుతారు, చాలా పేటలకు వారానికోసారి. ఇంటి మీద ట్యాంకులు నింపుకుని వారమంతా గడుపుతారు. నా లెక్కలో అసలు తిరకాసు ఈ వంతులోనే ఉంది. పైపు వారంలో చాలా రోజులు ఖాళీగా ఉంటుంది. వాల్వు తిప్పగానే నీరు గాలిని తోసుకుంటూ దూసుకొస్తుంది, ప్రతి జాయింటుకీ ఓ దెబ్బ. మన దగ్గర రోజు మార్చి రోజు కుళాయి వచ్చే ఊళ్లవాళ్లకు ఆ బుస్సుమనే చప్పుడు తెలుసు. పైగా అమ్మాన్ కొండల ఊరు, దిగువ పేటల్లో ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. కొత్త పాలిథిన్ పైపుకు ఈ మోత తగ్గదు. పైపు గట్టిగానే ఉంటుంది, ఇంటి కనెక్షన్ కోసం దాని మీద బిగించిన సాడిల్ (పట్టీలాంటి బిగింపు) దగ్గర కారడం మొదలవుతుంది.

నేను చూసిన లీకుల్లో ఎక్కువ భాగం ఆ ఇంటి కనెక్షన్లవే. పెద్ద మెయిన్ పగిలితే రోడ్డు చెరువవుతుంది, పది ఫోన్లు వస్తాయి, సాయంత్రానికల్లా మూసేస్తారు. చిన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. 3 మిల్లీమీటర్ల చిల్లు, 5 బార్ల ఒత్తిడి అనుకోండి, గంటకు సుమారు 480 లీటర్లు. వంతు ఒకటిన్నర రోజు నడిస్తే 17 వేల లీటర్ల పైమాటే. అక్కడి ఇళ్ల మీదుండే రెండు వేల లీటర్ల ట్యాంకులు ఎనిమిది నిండుతాయి. రాతి నేల కాబట్టి ఆ నీరు పైకి రాదు, ఏ పగుల్లోకో దిగిపోతుంది. వెతకాలంటే వంతు రోజున, ట్రాఫిక్ సద్దుమణిగాక, ఇనప కడ్డీ ఒక కొస మీటరు మీద, రెండో కొస చెవి దగ్గర పెట్టి ఇల్లిల్లూ తిరగాలి. మా ఫిట్టరు ఒకాయన కడ్డీ పెట్టిన క్షణంలో తల ఊపేవాడు. నాకు మాత్రం మొదట్లో అన్నీ ఒకేలా 'స్‌స్‌స్' అనే వినిపించేవి. అర్ధరాత్రి ఎవరూ వాడరు కాబట్టి అప్పుడు పారేదంతా లీకే అని లెక్కగట్టే, పాఠ్యపుస్తకాల్లోని 'అర్ధరాత్రి కనిష్ఠ ప్రవాహం' పద్ధతి ఇక్కడ పెద్దగా పనికిరాదు. వంతు రాత్రి అందరి ట్యాంకులూ నిండుతూనే ఉంటాయి కదా.

ఇక మీటర్లు. ఇది నాకు బాగా అర్థమైంది జర్కాలో ఓ డాబా మీద. ట్యాంకు దాదాపు నిండింది, ఫ్లోటు పైకి లేచి వాల్వును ముప్పాతిక మూసేసింది, దారమంత ధార పడుతోంది. బకెట్ పెడితే కాసేపట్లో అడుగు మునిగింది. కింద గేటు దగ్గర మీటరులో ఎర్ర చక్రం కదల్లేదు. అంత సన్న ధారను ఆ పాత మీటరు పసిగట్టలేదు. ఇంటాయన దొంగ కాదు, బిల్లు ప్రతిసారీ కట్టేవాడే. ఇలాంటి ఇళ్లు ఎన్నో. పైగా వంతు మొదట్లో వచ్చే గాలికి మాత్రం అదే మీటరు గిర్రున తిరుగుతుంది, దాంతో జనానికి బిల్లు మీద నమ్మకం పోతుంది.

దొంగ కనెక్షన్ల గురించి ఎక్కువ రాయను. ఉన్నాయి. 2013 నుంచి ప్రభుత్వం అక్రమ బోర్లు పూడ్చడం, కనెక్షన్లు కోయడం గట్టిగానే మొదలుపెట్టింది. పోలీసు వ్యాన్ వెంట లేకుండా కొన్నిచోట్లకు మీటర్ రీడర్ వెళ్లలేడు, అది ఇంజనీరు తేల్చే పని కాదు.

పైపులు మార్చడం దండగ అనడం లేదు. జర్కాలో అమెరికా గ్రాంటు 27.5 కోట్ల డాలర్లతో 2016 దాకా నడిచిన పథకంలో నెట్‌వర్క్ పనులు పెద్ద భాగం, తుప్పు పట్టిన జి.ఐ. (జింకు పూత ఇనుము) గొట్టాలు పోవాల్సినవే. కానీ పైపుతో పాటు పేటను చిన్న జోన్లుగా విడగొట్టి, ప్రతి జోనుకూ ఒక మీటరు, ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టిన చోటే ఫలితం నిలుస్తుంది. ఒత్తిడి పది శాతం దించితే లీకు కూడా దాదాపు అంతే తగ్గుతుంది, రోడ్డు తవ్వకుండానే. నా మటుకు నేనైతే మొదటి డబ్బు అక్కడే పెడతాను.

ఎందుకింత తంటా అంటే, అక్కడ ప్రతి చుక్కకీ కరెంటు ఖర్చు. సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా దిగువనున్న జోర్డాన్ లోయ నుంచి, అమ్మాన్‌కు నీరు శుద్ధి చేసి పంపే జై ప్లాంటుకు తోడాలి, ఎత్తు 1,200 మీటర్ల పైనే. దక్షిణాన దీసీ దగ్గర భూగర్భ జలాన్ని తోడి తెచ్చే, 2013లో మొదలైన దీసీ లైను సుమారు 325 కిలోమీటర్ల దూరం నుంచి ఏడాదికి 10 కోట్ల ఘనపు మీటర్లు తెస్తోంది. ఇప్పుడు ఎర్ర సముద్రం ఒడ్డునున్న అఖబాలో సముద్రపు నీటిని శుద్ధి చేసి అమ్మాన్‌కు ఏడాదికి 30 కోట్ల ఘనపు మీటర్లు పంపే ప్రాజెక్టు చేపట్టారు. నష్టం ఇప్పటిలాగే సగం ఉంటే 15 కోట్లు లెక్కకు రావు. అంటే దీసీ మొత్తం కంటే ఎక్కువ. ప్రభుత్వం 2040కి నష్టాన్ని 25 శాతానికి దించాలని పెట్టుకుంది, దానికి కారణం ఈ లెక్కే.

మీరు చేరాక మొదటి వారం మ్యాపుల ముందు కూర్చోకండి. వాల్వులు తిప్పే మనిషిని పట్టుకోండి. ఏ వీధికి ఏ గంటకు నీరు వెళ్తుందో, జోను సరిహద్దు వాల్వుల్లో ఏవి నిజంగా మూసుకుంటాయో, ఏవి మ్యాపులో మాత్రమే మూసి ఉన్నాయో ఆయనకు తెలుసు. సరిహద్దు వాల్వు ఒక్కటి సరిగా బిగియకపోయినా ఆ జోను మీటరు చూపేదంతా తప్పే. మిమ్మల్ని 'ముహందిస్' (అరబ్బీలో ఇంజనీరు) అంటారు, టీ ఇస్తారు, వద్దనకండి. తర్వాత రిపేర్ల రిజిస్టరు అడగండి, ఫిర్యాదు రాసిన తేదీకీ గుంట పూడ్చిన తేదీకీ మధ్య ఎన్ని రోజులో చూడండి. ఏ జోనులో ముందు దిగాలో అక్కడే తేలిపోతుంది.