షార్డొనే విందుకు మేనకోడలికి మావయ్య ఉత్తరం

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

విజయవాడలో నువ్వు పనిచేసే హోటల్లో ఇరవై మంది అతిథులకు వైన్ విందు నడిపించే బాధ్యత నీకు అప్పగించారని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెబుతున్నంతసేపూ అక్క గొంతులో భయమే వినిపించింది. ముప్పై ఏళ్లు ఓడల భోజనశాలల్లో సీసాలు తెరిచినవాడిని కనుక నాకు ముందు గర్వం కలిగింది. నువ్వు పంపిన వంటకాల జాబితా చూశాక దిగులు పట్టుకుంది.

ఓక్ చెక్క పీపాలో నిలవ ఉంచిన షార్డొనే అనే తెల్ల వైన్‌ను ఎంచుకోవడం బాగుంది. డ్రై వైన్ అంటే పుల్లగా ఉంటుందనుకునేవారు ఆ ఇరవై మందిలో తప్పక ఉంటారు. ద్రాక్షలోని చక్కెర దాదాపు అంతా పులిసి ఆల్కహాలుగా మారిందని మాత్రమే ఆ మాటకు అర్థమని మొదటే చెప్పు. వైన్ నిండుదనం గురించి అడిగితే, వెన్న తీసిన పాలకూ చిక్కటి గేదె పాలకూ నాలుక మీద తెలిసే తేడాను గుర్తుచెయ్యి. పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా మన పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంగా మార్చడం వల్లనే ఆ వైన్‌లో పులుపు మెత్తబడి వెన్న వాసన పుడుతుంది. వెనిలా, కాల్చిన రొట్టె వాసనలు పీపా ఇచ్చినవి. రంగు చూడడం, గ్లాసు తిప్పకముందొకసారి తిప్పాకొకసారి వాసన చూడడం, చిన్న గుక్కను గాలితో కలిపి నోరంతా తిప్పడం నీకు శిక్షణలో నేర్పే ఉంటారు.

నేర్పనిది నేను చెబుతాను. ఓడలో చేరిన మూడో ఏట, పెళ్లయి నలభై ఏళ్లు నిండిన ఒక వృద్ధ దంపతులు ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు మెర్సో అనే షార్డొనే సీసా ఒకటి తెరిపించుకున్నారు. అమ్మమ్మ గుంటూరు నుంచి పంపిన కారం అప్పుడు నా దగ్గర ఉంది. మన ఊరి రుచి వాళ్లకు చూపించాలనే ఉత్సాహంతో వంటవాడిని బతిమాలి రొయ్యల వేపుడు చేయించాను. సీసాను మధ్యాహ్నం నుంచి మంచులో పాతిపెట్టి ఉంచాను, ఎంత చల్లగా ఉంటే అంత గౌరవమని ఆనాటి నా నమ్మకం. వారు మొదటి గుక్క తాగి ఏ వాసనా లేదన్నారు. రొయ్య తిన్నాక రెండో గుక్క తాగిన ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అప్పుడు నేను చేసింది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది తల్లీ: సీసా పాడైపోయిందని చెప్పి వెనక్కి తీసుకుపోయాను. అరగంట తరువాత మా పెద్ద స్టీవర్డ్ నన్ను లోపలికి పిలిచి, అదే సీసా నుంచి ఒక గ్లాసు పోసి చేతికిచ్చారు. చల్లదనం తగ్గిన ఆ వైన్ నుంచి వెన్న, వేయించిన గింజల పరిమళం లేచి వచ్చింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ దంపతులు మరునాడు రేవులో దిగి వెళ్లిపోయారు. వారికి నిజం చెప్పే అవకాశం నాకు మళ్లీ రాలేదు.

అందుకే నీ జాబితాలో గోంగూర రొయ్యలు, కారం వేపుడు చూసి నా గుండె గుభేలుమంది. మిరపలోని క్యాప్సైసిన్ నోటిలో వేడిని పసిగట్టే నాడులను రెచ్చగొడుతుంది. పద్నాలుగు శాతం ఆల్కహాలు కూడా వాటినే తాకుతుంది కనుక మంట రెట్టింపైనట్టు అనిపిస్తుంది. గోంగూర పులుపు ముందేమో వైన్ చప్పబడిపోతుంది. ఆ రెండూ తీసెయ్యి, మారు మాట్లాడకు. వెన్నలో కాల్చిన పండుగప్ప, కొబ్బరిపాలలో ఉడికించిన రొయ్యలు, జీడిపప్పు ముద్దతో కారం లేకుండా చేసిన కోడికూర పెట్టు. చిక్కటి వైన్‌కు కొవ్వూ కమ్మదనమూ ఉన్న వంటే తోడవుతుంది. వైన్‌ను పది నుంచి పదమూడు డిగ్రీల మధ్య ఉంచు. ఫ్రిజ్‌లో ఉన్న సీసాను ఇరవై నిమిషాల ముందే బయటికి తియ్యి, కానీ మన ఎండలు మరిచిపోకుండా ఏసీ గదిలోనే ఉంచి, వెడల్పాటి గ్లాసులో కొద్దికొద్దిగా పొయ్యి. ప్రతి సీసానూ ముందు నువ్వే వాసన చూడాలి. వానకు తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా వల్ల పాడైందన్నమాట, దాన్ని బల్ల మీదికి పంపకు.

రుచి చూసిన ప్రతి గుక్కనూ ఉమ్మెయ్యి, అది అమర్యాద కాదు, వృత్తి ధర్మం. నాతో పనిచేసిన ఒక కుర్రవాడు ఉమ్మడానికి మొహమాటపడి పదేళ్లలో చేతులు వణికే స్థితికి వచ్చాడు. వాడికంటే చురుకైన ముక్కును నేను మరి చూడలేదు. నిన్ను తలచుకున్నప్పుడల్లా నాకు వాడి చేతులే గుర్తుకొస్తున్నాయి. అతిథులను కూడా బండ్లు నడపనివ్వకు. మన చట్టం నూరు మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలును ఒప్పుకోదు. ఇళ్లకు చేర్చే కార్లు ముందే మాట్లాడించు.

ఇంకొక్క సంగతి. ఆ రోజు మధ్యాహ్నం ఆవకాయ తినకు, సెంటు రాసుకోకు, తలలో మల్లెపూలు పెట్టుకోకు; ఆ పరిమళం పక్కనుంటే గ్లాసులోని వాసన నీకూ అందదు, అతిథులకూ అందదు. బోసి తలతో వెళుతున్నావని మీ అమ్మ నొచ్చుకుంటుంది. రాత్రి నువ్వు ఇంటికి వచ్చేసరికి మాల కట్టి తడిబట్టలో చుట్టి ఉంచమని అక్కకు నేనే చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య